బోల్టు రైఫిలు ట్రిగ్గరు బరువు

బోల్టు రైఫిలులో తూటా పేలాలంటే వేలితో ట్రిగ్గరుపై ప్రయోగించవలసిన బలాన్ని ట్రిగ్గరు బరువు అంటారు. దీనిని కిలోగ్రాములలో, గ్రాములలో లేదా పౌండ్లలో చెబుతారు. సైన్యం కోసం తయారైన పాత రైఫిళ్ళలోను, చేతులు మారిన వేట రైఫిళ్ళలోను ఈ బరువు సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. ట్రిగ్గరు బరువుగా ఉంటే వేలు లాగే సమయంలో తుపాకీ కదిలి గురి తప్పుతుంది. అందువలన దానిని తేలిక చేసుకోవాలనే కోరిక తుపాకీ ఉన్నవారిలో సహజం. అయితే హద్దు మీరి తేలిక చేసిన ట్రిగ్గరు, తుపాకీ కింద పడినప్పుడో బోల్టును గట్టిగా మూసినప్పుడో దానంతట అదే పేలే ప్రమాదం ఉంది. భారతదేశంలో తుపాకీ మరమ్మతు లైసెన్సు ఉన్నవారు మాత్రమే చేయదగిన పని. కంటోన్మెంటు పట్టణమైన సికింద్రాబాదుతో ఈ విషయానికి గల సంబంధాన్ని కూడా ఈ వ్యాసంలో చూడవచ్చు.

పని చేసే విధానం

బోల్టు రైఫిలులో ఫైరింగు పిన్ను వెనుక బలమైన మెయిన్ స్ప్రింగు ఉంటుంది. బోల్టును తెరిచి మూసినప్పుడు ఈ స్ప్రింగు నొక్కుకొని, పిన్ను వెనుక భాగమైన కాకింగు పీసు ఒక కొక్కెం వంటి ముక్కకు తగులుకొని నిలుస్తుంది. ఆ ముక్కను సియరు అంటారు. ట్రిగ్గరు లాగినప్పుడు సియరు పక్కకు లేదా కిందికి జారుతుంది. అప్పుడు కాకింగు పీసు విడివడి పిన్ను ముందుకు దూకి తూటా అడుగున ఉన్న ప్రైమరును కొడుతుంది.

కాబట్టి వేలికి తెలిసే బరువు ప్రధానంగా మూడింటిపై ఆధారపడుతుంది. మొదటిది, సియరును దాని స్థానంలో పట్టి ఉంచే స్ప్రింగు బలం. రెండవది, ఒకదానిపై ఒకటి జారే ఉక్కు తలాల మధ్య ఘర్షణ. ఈ ఘర్షణ ఆ తలాల నునుపును బట్టి, వాటిని ఒత్తే మెయిన్ స్ప్రింగు బలాన్ని బట్టి మారుతుంది. మూడవది, ఆ తలాలు ఒకదానిపై ఒకటి ఎంత మేరకు తగులుకొని ఉన్నాయన్నది. తగులుకొన్న మేర ఎక్కువైతే ట్రిగ్గరు చాలా దూరం గరుకుగా పాకినట్లు కదులుతుంది. దీనిని క్రీపు అంటారు. తుపాకీ పేలిన తరువాత కూడా ట్రిగ్గరు వెనుకకు కదిలే దూరాన్ని ఓవర్‌ట్రావెల్ అంటారు. ట్రిగ్గరు విడిచిన క్షణం నుండి ప్రైమరు పేలే వరకు పట్టే సమయం లాక్ టైం. ఒక ట్రిగ్గరు బాగున్నదీ లేనిదీ బరువు ఒక్కదానితో తేలదు. క్రీపు లేకుండా ప్రతిసారీ ఒకే విధంగా విడిపోయే రెండు కిలోల ట్రిగ్గరు, గరుకుగా పాకుతూ ఒక్కొక్కసారి ఒక్కొక్క విధంగా విడిపోయే ఒకటిన్నర కిలోల ట్రిగ్గరు కన్నా మేలు.

ఒక దశ, రెండు దశలు

ట్రిగ్గర్లు రెండు రకాలు. ఒక దశ ట్రిగ్గరులో వేలు ఆనించగానే పూర్తి బరువు తగులుతుంది. 1936లో వచ్చిన వించెస్టర్ మోడల్ 70 వంటి వేట రైఫిళ్ళలో ఈ రకం కనిపిస్తుంది. రెండు దశల ట్రిగ్గరులో మొదట కొంత దూరం తేలికగా కదులుతుంది, తరువాత వేలికి స్పష్టంగా ఒక అడ్డు తగులుతుంది. ఆ అడ్డును దాటితే తుపాకీ పేలుతుంది. 1898 నాటి జర్మన్ మౌజరు, బ్రిటిషు లీ-ఎన్‌ఫీల్డు ఈ రకానికి చెందినవి.

సైనిక రైఫిళ్ళలో రెండు దశలు పెట్టటానికి కారణం భద్రత. మొదటి దశ ఉండటం వలన బోల్టు మూసినప్పుడు సియరు, కాకింగు పీసు చాలా మేరకు తగులుకొని ఉంటాయి. బురదలో పడినా, పరుగెత్తే సైనికుని చేతిలో దెబ్బ తిన్నా సులభంగా విడిపోవు. మొదటి దశను లాగినప్పుడే ఆ మేర తగ్గి రెండవ దశ చివరి విడుపుకు సిద్ధమవుతుంది. ఇది తెలియక మొదటి దశను పనికిరాని ఖాళీ కదలికగా భావించి తొలగించడం పాత రైఫిళ్ళలో తరచుగా జరిగే పొరపాటు.

కొలత

ట్రిగ్గరు బరువును కొలవటానికి కొక్కెం గల స్ప్రింగు త్రాసు లేదా ఎలక్ట్రానిక్ గేజి వాడతారు. పోటీలలో నిర్ణీత బరువును ట్రిగ్గరుకు వేలాడదీసి, బ్యారెలును నిలువుగా పైకి ఉంచి తుపాకీని ఎత్తుతారు. బరువు నేలను విడిచి లేచే వరకు ట్రిగ్గరు విడిపోకుండా ఉండాలి. తుపాకీ ఖాళీగా ఉన్నదని తూటా గదిని, మ్యాగజైనును కంటితోను వేలితోను చూసుకొన్న తరువాతనే కొలవాలి. ఒక్కసారి కొలిస్తే చాలదు. కనీసం ఐదు పర్యాయాలు కొలిచి సగటును, అన్నిటికన్నా ఎక్కువ తక్కువల మధ్య తేడాను చూడాలి. తేడా ఎక్కువగా ఉంటే లోపల మురికి లేదా అరుగుదల ఉన్నట్లు భావించవచ్చు.

లీ-ఎన్‌ఫీల్డు రైఫిలుకు బ్రిటిషు సైన్యం నిర్ణయించిన పరిమాణం మొదటి దశకు 3 నుండి 4 పౌండ్లు (సుమారు 1.4 నుండి 1.8 కిలోలు), రెండవ దశకు 5 నుండి 6½ పౌండ్లు (సుమారు 2.3 నుండి 2.9 కిలోలు). రైఫిలు మొత్తం బరువు సుమారు 4 కిలోలు. అంటే చూపుడు వేలు ఒక్కటే తుపాకీ బరువులో సగానికి పైగా బలాన్ని ప్రయోగించాలి. వేట రైఫిలుకు సాధారణంగా ఒకటిన్నర నుండి రెండు కిలోల మధ్య బరువు తగినదిగా భావిస్తారు. గురి పోటీలలో వాడే రైఫిళ్ళలో ఇది నూరు గ్రాముల పరిసరాలకు కూడా దిగుతుంది. కాని అవి రేంజిలో, గురి వైపు తిప్పిన తరువాత మాత్రమే తూటా నింపే తుపాకులు. భుజాన వేసుకొని తిరిగే తుపాకీకి ఆ బరువు పనికిరాదు.

పాత రైఫిలులో బరువు పెరగటానికి కారణాలు

కొత్తగా ఉన్నప్పుడు సరిగా ఉన్న ట్రిగ్గరు చేతులు మారే నాటికి బరువెక్కటానికి ఈ క్రింది కారణాలు ఉంటాయి.

* ఎండిన నూనె, గ్రీజు: ఏళ్ళ తరబడి బీరువాలో ఉన్న తుపాకీలో నూనె జిగురుగా మారి ధూళిని పట్టుకొంటుంది. అన్నిటికన్నా తరచుగా కనిపించే కారణం ఇదే.
* తుప్పు: సియరు తలాలపై కంటికి కనిపించనంత తుప్పు గుంటలు ఉన్నా ఘర్షణ పెరుగుతుంది.
* కర్ర భాగం ఉబ్బడం లేదా కుంచించుకు పోవడం: ట్రిగ్గరు కర్రకు గాని, గార్డుకు గాని రాసుకొంటుంది.
* బిగువు తప్పిన మరలు: గార్డు మరలు అతిగా బిగించినా, వదులైనా భాగాల స్థానం మారుతుంది.
* మార్చిన విడిభాగాలు: వేరే తుపాకీ నుండి తెచ్చిన సియరు, కాకింగు పీసు, స్ప్రింగు ఒకదానితో ఒకటి సరిగా కుదరవు.
* గత యజమానుల పనితనం: ఆకురాయితో రాచిన తలాలు, సాగదీసిన స్ప్రింగులు.

లీ-ఎన్‌ఫీల్డు, కర్ర సమస్య

భారతదేశంలో అత్యధికంగా వాడుకలో ఉన్న బోల్టు రైఫిలు లీ-ఎన్‌ఫీల్డు వంశానికి చెందినది. పశ్చిమ బెంగాల్ లోని ఇషాపూర్ రైఫిలు ఫ్యాక్టరీ దీనిని .303 తూటాకు, 1960లలో 7.62 మి.మీ. తూటాకు (2ఏ1 రైఫిలు) తయారు చేసింది. పౌరులకు లైసెన్సుపై అమ్మే .315 స్పోర్టింగు రైఫిలు కూడా ఈ యాక్షన్ ఆధారంగా రూపొందినదే. .303 తూటా సైనిక తూటా కావటం వలన సామాన్య పౌరునికి నిషిద్ధం. అందుకే .315 పుట్టింది.

ఈ పాత నమూనా లీ-ఎన్‌ఫీల్డులో ఒక విశేషం ఉంది. సియరు తుపాకీ ఉక్కు దేహానికి అమరి ఉంటుంది. ట్రిగ్గరు మాత్రం దాని కింద ఉన్న ట్రిగ్గరు గార్డుకు పిన్నుతో బిగించి ఉంటుంది. ఈ రెండింటికీ మధ్యన ఉన్నది కర్ర. వర్షాకాలంలో కర్ర తేమ పీల్చి ఉబ్బితే ట్రిగ్గరు సియరుకు దూరమై మొదటి దశ పొడవు పెరుగుతుంది. ఎండలకు కర్ర కుంచించుకు పోతే ట్రిగ్గరు సియరుకు దగ్గరై మొదటి దశ తరిగిపోతుంది, ఒక్కొక్కప్పుడు పూర్తిగా మాయమవుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే పొడి ఎండ, ఆ వెంటనే నైరుతి ఋతుపవనాల తేమ ఉండే దక్కన్ పీఠభూమిలో ఈ మార్పు ఏటా జరిగేదే. బ్రిటిషువారు ఈ లోపాన్ని గుర్తించి నెం.4 రైఫిలు మార్కు 2 నమూనాలో (1949) ట్రిగ్గరును గార్డు నుండి తొలగించి ఉక్కు దేహానికే బిగించారు. ఇషాపూర్ లో తయారైన 2ఏ1 పాత నెం.1 నమూనాపై ఆధారపడినది కనుక దానిలో పాత అమరికే కొనసాగింది.

కాబట్టి లీ-ఎన్‌ఫీల్డు రకం రైఫిలు ట్రిగ్గరు బరువు మారిందని అనిపిస్తే ముందుగా చూడవలసినది సియరు కాదు, కర్ర, గార్డు మరలు. లోహానికి చేయి పెట్టకుండానే చాలా సందర్భాలలో సమస్య తీరుతుంది.

ట్రిగ్గరు ముక్క పైభాగంలో రెండు చిన్న గట్లు ఉంటాయి. మొదటి గట్టు సియరును ఒత్తినప్పుడు మొదటి దశ, రెండవ గట్టు తగిలినప్పుడు రెండవ దశ ఏర్పడతాయి. ఆ గట్ల ఎత్తులో కొద్ది తేడా వచ్చినా రెండు దశల మధ్య పొందిక చెడుతుంది.

బరువు తగ్గించే పద్ధతులు

అనుభవం గల తుపాకీ మిస్త్రీలు తక్కువ ప్రమాదం గల పని నుండి ఎక్కువ ప్రమాదం గల పనికి వరుసగా వెళతారు. ఒక మెట్టులో ఫలితం వస్తే తరువాతి మెట్టు అవసరం ఉండదు.

1. శుభ్రపరచడం: ట్రిగ్గరు భాగాలలోని పాత నూనెను ద్రావకంతో కడిగి ఆరబెట్టి, చాలా పలుచగా మంచి నూనె పట్టిస్తారు. ఎక్కువ నూనె మళ్ళీ ధూళిని పట్టుకొంటుంది. దీనితోనే బరువు గణనీయంగా తగ్గి, ప్రతిసారీ ఒకే విధంగా విడిపోవడం మామూలు.
2. మరలు, కర్ర సరిచూడటం: మరల బిగువు సరిచేసి, కర్ర ఎక్కడ రాసుకొంటున్నదో కనిపెట్టి సవరిస్తారు.
3. సర్దుబాటు మరలు: చాలా వేట రైఫిళ్ళలో బరువు, క్రీపు, ఓవర్‌ట్రావెల్ సర్దుబాటుకు వేరువేరు చిన్న మరలు ఉంటాయి. తయారీదారు పుస్తకంలో చెప్పిన హద్దు దాటకూడదు. సియరు తగులుకొనే మేరను నిర్ణయించే మరను బరువు తగ్గించటానికి వాడటం ప్రమాదకరం.
4. ట్రిగ్గరు స్ప్రింగు మార్చడం: ఆ నమూనా కోసమే తయారైన తేలిక స్ప్రింగు దొరికితే పాతదాని స్థానంలో అమరుస్తారు.
5. ట్రిగ్గరు మొత్తం మార్చడం: మౌజరు వంటి ప్రసిద్ధ రైఫిళ్ళకు టిమ్నీ వంటి సంస్థలు విడి ట్రిగ్గర్లను తయారు చేస్తున్నాయి.
6. సియరు తలాలను నునుపు చేయడం: ఇది చివరి మెట్టు, అన్నిటికన్నా నైపుణ్యం కోరేది. తలం కోణం మారకుండా గరుకుదనం మాత్రమే తొలగించాలి.

ఆరవ మెట్టులోని ప్రమాదాన్ని కొంత వివరించాలి. పాత రైఫిళ్ళలో సియరు, కాకింగు పీసు తరచుగా పైపొర మాత్రమే గట్టిపరచిన ఉక్కుతో చేసినవి. ఆ పొర చాలా పలుచన. దానిని రాచి తీసివేస్తే కింద మెత్తని ఉక్కు బయట పడుతుంది. రాచిన రోజున ట్రిగ్గరు ఎంతో హాయిగా ఉన్నట్లు తోస్తుంది. తరువాత కొద్దికాలం వాడకానికే మెత్తని తలం అరిగి, కోణం మారి, ఒకనాడు ఎవరూ ట్రిగ్గరు ముట్టకుండానే సియరు జారిపోతుంది. ఈ మార్పు మెల్లగా జరుగుతుంది కనుక యజమాని గమనించడు.

చేయకూడని పనులు

* సియరు స్ప్రింగును కత్తిరించడం లేదా వేడి చేయడం. ట్రిగ్గరు విడిచినప్పుడు సియరును తిరిగి దాని స్థానానికి తెచ్చేది ఆ స్ప్రింగే. లీ-ఎన్‌ఫీల్డులో అదే స్ప్రింగు రెండవ చేయి మ్యాగజైను కొక్కేన్ని కూడా పట్టి ఉంచుతుంది.
* మెయిన్ స్ప్రింగును కత్తిరించడం. ట్రిగ్గరు కొంత తేలికైనా ప్రైమరుపై దెబ్బ బలహీనమై తూటా పేలకపోవచ్చు లేదా ఆలస్యంగా పేలవచ్చు. లాక్ టైం కూడా పెరుగుతుంది.
* రెండు దశల ట్రిగ్గరులో మొదటి దశను తొలగించడం.
* ఆకురాయి లేదా విద్యుత్ పరికరంతో సియరు అంచులను రాయడం.
* సేఫ్టీ ఉన్నది కదా అనే ధీమాతో ట్రిగ్గరును అతి తేలిక చేయడం. కొన్ని రైఫిళ్ళలో సేఫ్టీ ట్రిగ్గరును మాత్రమే ఆపుతుంది, పిన్నును ఆపదు.

పని తరువాత జరిపే పరీక్షలు

ట్రిగ్గరుపై ఏ పని జరిగినా తుపాకీని వాడకానికి ఇచ్చే ముందు, పూర్తిగా ఖాళీ తుపాకీతో, తూటాలు ఆ గదిలోనే లేకుండా, బ్యారెలు సురక్షితమైన దిక్కుకు ఉంచి ఈ పరీక్షలు జరుపుతారు.

బోల్టును వేగంగా, గట్టిగా పదేపదే మూస్తారు. ఒక్కసారి కూడా పిన్ను ముందుకు జారకూడదు. బోల్టు మూసి ఉండగా తుపాకీ మడమను రబ్బరు చాపపై కొడతారు, పక్కల నుండి రబ్బరు సుత్తితో తడతారు. సేఫ్టీ వేసి ట్రిగ్గరును గట్టిగా లాగి విడిచి, తరువాత సేఫ్టీ తీస్తారు. తీసిన క్షణంలో పిన్ను జారితే ఆ తుపాకీ ప్రమాదకరమైనది. చివరగా బరువును మళ్ళీ కొలుస్తారు. ఒక్క పరీక్షలో తప్పినా తుపాకీ వాడకానికి పనికిరాదు.

.22 రిమ్‌ఫైర్ రైఫిళ్ళలో ఖాళీ గదిపై పిన్నును పదేపదే పేల్చితే పిన్ను గది అంచును కొట్టి గుంట చేయవచ్చు. అందువలన వాటికి డమ్మీ తూటా వాడతారు.

రెమింగ్టన్ ఉదంతం

ట్రిగ్గరు లోపం కర్మాగారంలో కూడా జరగవచ్చునని అమెరికాకు చెందిన రెమింగ్టన్ సంస్థ ఉదంతం తెలుపుతుంది. 2014 ఏప్రిల్ లో ఆ సంస్థ ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గరు గల మోడల్ 700, మోడల్ సెవెన్ బోల్టు రైఫిళ్ళను వెనుకకు పిలిపించింది. అవి 2006 మే 1 నుండి 2014 ఏప్రిల్ 9 వరకు తయారైనవి. కూర్పు సమయంలో అంటించే పదార్థం అధికంగా పడటం వలన కొన్ని పరిస్థితులలో తుపాకీ ట్రిగ్గరు లాగకుండానే పేలే అవకాశం ఉన్నదని సంస్థ ప్రకటించింది. నిపుణులు యంత్రాలతో కూర్చిన ట్రిగ్గరులో ఒక చుక్క పదార్థం ఇంత పని చేసినప్పుడు, ఇంటి బల్లపై ఆకురాయితో చేసే పని ఎంత అపాయకరమో ఊహించవచ్చు.

సికింద్రాబాదు నేపథ్యం

1806లో ఏర్పడిన సికింద్రాబాదు కంటోన్మెంటు దేశంలోని పెద్ద సైనిక స్థావరాలలో ఒకటి. భారత సైన్యపు ఆయుధాల మరమ్మతు బాధ్యత ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్ (ఇ.ఎం.ఇ.) దళానిది. ఈ దళం 1943 అక్టోబరు 15న ఏర్పడింది. దీని ప్రధాన విద్యాసంస్థ అయిన మిలిటరీ కాలేజి ఆఫ్ ఇ.ఎం.ఇ. సికింద్రాబాదులోనే ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఎన్.సి.సి. డైరెక్టరేటు కూడా ఈ నగరంలోనే ఉంది. తెలుగు విద్యార్థులలో చాలామందికి మొదటిసారి ట్రిగ్గరుపై వేలు పెట్టే అవకాశం ఎన్.సి.సి. శిబిరాలలో .22 బోల్టు రైఫిలుతో కలుగుతుంది.

నిజాం పాలన కాలంలో హైదరాబాదు, సికింద్రాబాదు కుటుంబాలలో వేట రైఫిళ్ళు ఉండేవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో జరిగిన సవరణ తరువాత వేట దాదాపు పూర్తిగా నిషిద్ధమైంది. 1980ల మధ్య నుండి పౌరుల కోసం విదేశీ తుపాకుల దిగుమతిపై కఠినమైన ఆంక్షలు వచ్చాయి. అందువలన అంతకు ముందు వచ్చిన మౌజరు, బ్రనో, బి.ఎస్.ఏ. వంటి రైఫిళ్ళే వారసత్వంగానో అమ్మకం ద్వారానో చేతులు మారుతూ వచ్చాయి. వీటికి అసలైన విడిభాగాలు దొరకడం కష్టం. ఒక సియరు పాడైతే దానికి బదులు మరొకటి తేలేని పరిస్థితిలో, రాచి చూద్దామనే ప్రయోగం తుపాకీని శాశ్వతంగా పనికిరాకుండా చేయవచ్చు.

క్రీడలలో కూడా ఈ జంట నగరాలకు పేరుంది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో కాంస్య పతకం సాధించాడు.

పోటీల నిబంధనలు

అంతర్జాతీయ షూటింగు క్రీడా సమాఖ్య నిబంధనల ప్రకారం 10 మీటర్ల ఎయిర్ రైఫిలుకు, 50 మీటర్ల రైఫిలుకు ట్రిగ్గరు బరువుపై కనీస పరిమితి లేదు. 300 మీటర్ల స్టాండర్డు రైఫిలుకు మాత్రం కనీసం 1500 గ్రాములు ఉండాలి. పిస్తోళ్ళలో 10 మీటర్ల ఎయిర్ పిస్తోలుకు 500 గ్రాములు, 25 మీటర్ల పిస్తోలుకు 1000 గ్రాములు కనీస పరిమితి.

చట్టం

ఆయుధాల చట్టం, 1959 లోని 5వ సెక్షను ప్రకారం తుపాకుల తయారీ, అమ్మకం, మార్పు, మరమ్మతు, పరీక్ష వంటి పనులకు ప్రత్యేక లైసెన్సు అవసరం. తుపాకీ కలిగి ఉండటానికి ఇచ్చే లైసెన్సు మరమ్మతుకు అనుమతి కాదు. యజమాని తన తుపాకీని శుభ్రపరచుకోవచ్చు. ట్రిగ్గరు లోపలి భాగాలపై పనిని మాత్రం మరమ్మతు లైసెన్సు గల దుకాణానికే అప్పగించాలి. తుపాకీని ఇచ్చేటప్పుడు, తీసుకొనేటప్పుడు లైసెన్సు పుస్తకం వెంట ఉండాలి, దుకాణం నుండి రసీదు తీసుకోవాలి.

సొంత తుపాకీని లైసెన్సు గల మరొకరికి అమ్మదలచిన వ్యక్తి ముందుగా జిల్లా మేజిస్ట్రేటుకు లేదా సమీప పోలీసు స్టేషను అధికారికి వ్రాతపూర్వకంగా తెలియజేసి, 45 రోజుల గడువు ముగిసిన తరువాతనే అప్పగించాలి. 2019 నాటి సవరణ చట్టం ఒక వ్యక్తి కలిగి ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుండి రెండుకు తగ్గించింది. లైసెన్సు కాలపరిమితిని మూడేళ్ళ నుండి ఐదేళ్ళకు పెంచింది.

పాత రైఫిలు కొనేవారు బేరం కుదరక ముందే, ఖాళీ తుపాకీతో పైన చెప్పిన భద్రతా పరీక్షలను దుకాణదారు సమక్షంలో జరిపించుకోవడం మంచిది. ఆశ్చర్యం కలిగించేంత తేలికగా ఉన్న ట్రిగ్గరు, బరువుగా ఉన్న ట్రిగ్గరు కన్నా ఎక్కువగా అనుమానించదగినది. బరువైన ట్రిగ్గరు వలన గురి తప్పుతుంది, మితిమీరి తేలికైన ట్రిగ్గరు వలన ప్రాణం పోవచ్చు.

ఇవి కూడా చూడండి

* తుపాకీ
* సికింద్రాబాదు
* గగన్ నారంగ్
* వన్యప్రాణి సంరక్షణ చట్టం